దేవనహళ్ళి వాన కావలి

దేవనహళ్ళి పేరు చెబితే పెద్దవాళ్ళు టిప్పు సుల్తాను పుట్టిన ఊరంటారు, పిల్లలు ఏర్‌పోర్టు ఊరంటారు. రెండూ నిజమే. నేను మాత్రం ఇక్కడి తాలూకా ఆఫీసులో వాన కొలిచిన గుమాస్తాను. నా లెక్కలో ఈ ఊరి చరిత్ర అంటే వాన పడిన ఏళ్ళు, పడని ఏళ్ళు, రెంటికీ కావలి కాసిన మనుషులు. కోట గోడల మీద వాళ్ళ పేర్లు ఉండవు.

ముందు నేల సంగతి. ఉత్తరాన కనబడే నంది కొండల దగ్గర పలు నదులు పుడతాయి. అర్కావతి దక్షిణంగా పోయి కావేరిలో కలుస్తుంది. దక్షిణ పినాకిని హొసకోట మీదుగా తమిళనాడులోకి దిగుతుంది. ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు తిరిగి అనంతపురం, కడప, నెల్లూరు సీమలన్నీ చుట్టి సముద్రం చేరుతుంది. ఇన్ని నదులకు పుట్టినిల్లని చెప్పుకుంటాం గానీ మా ఊరి కింద పారే ఏరు ఒక్కటీ లేదు. ఏర్‌పోర్టు ఎత్తు సముద్ర మట్టానికి 915 మీటర్లు. గట్టు మీద ఉన్న ఊరికి పైనుంచి వచ్చే నీళ్ళు ఎక్కడివి? పడిన చినుకు పల్లానికి జారిపోక ముందే పట్టుకోవాలి. ఏడాదికి 800 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన. అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. అడుగున రాయి చూస్తే మూడు వందల కోట్ల ఏళ్ళ నాటి గట్టి రాయి. పైన మెత్తబడిన పొర కొంత, దాని కింద ఎక్కడో పగుళ్ళు. ఆ రాయి కడుపులో నీళ్ళు ఎక్కువ పట్టవు.

అందుకే చెరువులు. ఆవతి నుంచి వచ్చిన మొరసు ఒక్కలిగ దొరలు 1501లో ఇక్కడ మట్టికోట కట్టారు. మొరసు వాళ్ళలో ఇంట్లో తెలుగు, బయట కన్నడం మాట్లాడేవాళ్ళు ఇవాళ్టికీ ఎందరో ఉన్నారు. కోటకన్నా చెరువులే వాళ్ళ అసలు పని అని నా నమ్మకం. ఒక చెరువు నిండి మరవ పోతే ఆ నీళ్ళు కింది చెరువులోకి, అది నిండితే దాని కింది దానిలోకి. 1866లో మైసూరు ఇంజనీరు శాంకీ ఈ రాజ్యమంతా చూసి, కొత్త చెరువు కట్టడానికి ఖాళీ చోటు వెతకాలంటే చాలా తెలివి కావాలన్నాడు. ఆయన పేరుతోనే బెంగళూరులో శాంకీ చెరువు ఉంది.

ఈ గొలుసులో ఒక మెలిక ఉంది. పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది, దాని కిందిదీ తెగుతుంది. కరువుకు వేసిన మందే వరదకు దారి అవుతుంది. కాబట్టి కట్టకు కావలి కావాలి. ఆ కావలివాడు నీరుగంటి.

నీరుగంటి పని చాలామందికి తూము ఎత్తి మడులకు నీళ్ళు వదిలే పనిగానే తెలుసు. అది ఎండాకాలపు సగం. వానాకాలపు సగం రాత్రి పని. మా పేటలో ఒక ముసలి నీరుగంటి ఉండేవాడు, మా అవ్వ ఈడువాడు. పదవి ఎప్పుడో పోయినా అలవాటు పోలేదు. చిత్త కార్తెలో ముసురు పట్టిందంటే నెత్తిన గోనెసంచి కప్పుకుని, చేత లాంతరు పట్టుకుని కట్ట మీదికి కాదు, కట్ట కిందికి పోయేవాడు. పైన నీళ్ళెంత ఎక్కాయో ఎవరికైనా కనబడుతుందట. కట్ట వెనక పాదం దగ్గర ఊట ఎలా వస్తుందో చూడాలట. వంగి దోసిట్లో ఊట నీళ్ళు పట్టి లాంతరు వెలుగులో చూసేవాడు.

“నీళ్ళు తేటగా ఉంటే కట్ట ఊపిరి తీస్తా ఉండాదని, సామీ. బురదగా వస్తే లోపల మన్ను కదిలిందని. ఇంక నిద్ర లేదు.”

ఇంజనీర్లు తర్వాత పుస్తకాల్లో చెప్పేది ఇదే. కట్ట లోపల ఎలక బొరియో, ఎండ్రకాయ బొక్కో, కుళ్ళిన వేరో ఉంటే నీళ్ళు దాన్ని పట్టుకుని మట్టిని రేణువు రేణువుగా మోసుకెళతాయి. బయటికి బురద ఊట, లోపల సొరంగం. కొన్ని గంటల్లో కట్ట నడుం కూలుతుంది. బురద కనబడగానే నీరుగంటి తమట కొట్టించేవాడు. ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ ఒకడు గడ్డిమోపో మట్టిగంపో పట్టుకుని రావాలి, ఎంత పెద్ద ఇల్లయినా సరే. ఈ కావలి పని చేసేవాళ్ళు చాలా ఊళ్ళలో మాల, మాదిగ కులాలవాళ్ళు. కూలి డబ్బుగా లేదు. కోతల్లో కల్లం దగ్గర మేర, కొంత ఇనాం నేల. ఊరి ప్రాణం చేతిలో పెట్టి, గుడి మెట్టు మాత్రం ఎక్కనియ్యలేదు. ఈ సంగతి వదిలేసి నీరుగంటి వైభవం రాసేవాళ్ళంటే నాకు చిరాకు.

కట్ట తెగుతుందన్న భయం ఎంత లోతుదో మన సాహిత్యంలోనూ ఉంది. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం చేశాడు. ఆయన తర్వాత మైసూరులోనే పాఠాలు చెప్పాడు. చెరువుకు మనిషిని బలిచ్చిన కథ కన్నడంలోనూ ఉంది. ఒకే రకం నేల, ఒకే రకం కట్ట, ఒకే రకం భయం.

వరద ఒక రాత్రి పని. కరువు అలా కాదు, మెల్లగా వచ్చి కూర్చుంటుంది. మా ఊరు రెండు పెద్ద కరువుల దారిలో ఉంది. మొదటిది 1791 నాటిది. ఆ మార్చిలో టిప్పు మీదికి వచ్చిన ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ బెంగళూరు కోట పట్టుకుని, నిజాము గుర్రపు దండును కలుసుకోవడానికి ఉత్తరంగా నడిచాడు. దారిలో మా కోట లొంగిపోయింది. చరిత్ర పుస్తకాలు ఆ యుద్ధం చెప్పి ఊరుకుంటాయి. ఆ రెండు మూడేళ్ళు దక్కను నుంచి గుజరాతు దాకా వానలు చెడ్డాయి. చనిపోయినవాళ్ళను పూడ్చే దిక్కులేక పుర్రెలు పడి ఉన్నందుకు దాన్ని పుర్రెల కరువన్నారు. అప్పుడే గోదావరి సీమలో సామర్లకోటలో ఉన్న కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ వాన లెక్కలు రాసి పెట్టాడు. మొక్కల శాస్త్రజ్ఞుడిగా ఆయన్ను ఎరిగినవాళ్ళు ఎక్కువ. నాకైతే ఆయన నా వృత్తిలో పెద్దన్న. ఆనాటి కరువును ఇవాళ ఎల్‌నినోతో కలిపి చదవడానికి ఆ కాగితాలు అక్కరకొచ్చాయి.

రెండోది ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు. 1876, 1877. నైరుతి చెడింది, ఈశాన్యమూ చెడింది. మైసూరు రాజ్యం జనాభా 1871 లెక్కల్లో 50 లక్షలు దాటి ఉంటే, 1881కి 42 లక్షల లోపుకు పడిపోయింది. కోలారు, తుమకూరు, బెంగళూరు వైపు గట్టి దెబ్బ. మా అవ్వ ఆ కరువు చూడలేదు, వాళ్ళ అవ్వ చెప్పగా విన్నది. చెప్పేటప్పుడు ఏడాది అంకె ఉండదు, ‘ధాతలో’ అనేది, అంతే. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెత మా ఇంట్లో సామెతలా అనేవాళ్ళు కాదు. సూర్యుడు ఉత్తర కార్తెలో ఉండేది సెప్టెంబరు మధ్య నుంచి రెండు వారాలు. మాకు వాన రావలసింది అప్పుడే. అప్పటికీ చెరువులో నీళ్ళు చేరకపోతే ఇంక రాగి చేను లేదు, ఊళ్ళో పని లేదు, గంప ఎత్తుకోవాల్సిందే. మూట కట్టుకుని ఏ దారిన పోయారో అవ్వ చెప్పేది: నంది కొండల కింది దారి, బెంగళూరు దండు దారి. దారి పొడుగునా మనుషులే. ఆ కరువు పనులకింద మట్టి మోయించే బెంగళూరు-మైసూరు రైలు దారి మొదలుపెట్టారు.

కొందరిని నిలబెట్టింది పాతర. ఇంటి ముందరో కల్లంలోనో గట్టి నేల చూసి, కడవ ఆకారంలో గుంత తవ్వి, లోపల గడ్డి పరిచి రాగులు పోసి, మూత వేసి, మన్ను కప్పేవాళ్ళు. రాగి గింజ చిన్నది, పురుగు పట్టదు. ఏళ్ళకేళ్ళు నిలవ ఉంటుంది. వానల లెక్కలు లేని రోజుల్లో మా పెద్దలు చేసుకున్న విపత్తు నిర్వహణ ఇదే. పాతర తీసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. మూత తీయగానే దిగకూడదు. లోపల గింజ ఊపిరి పీల్చి వదిలిన చెడుగాలి నిండి ఉంటుంది. దీపం దింపి చూస్తారు. ఆరిపోతే ఇంకొంతసేపు ఆగాలి. ఆకలితో తొందరపడి దిగి పైకి రానివాళ్ళ కథలు మా వైపు లేకపోలేదు.

ఆ వానలు ఎందుకు చెడ్డాయో తెలియడానికి వందేళ్ళు పట్టింది. భారత వాతావరణ శాఖ 1875లో పుట్టింది, మరుసటి ఏడే ధాత కరువు. దాని మొదటి అధిపతి బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మంచులో జవాబు వెతికాడు. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ గుమాస్తాల చేత ప్రపంచమంతటి గాలి ఒత్తిడి లెక్కలు వేయించి, హిందూ మహాసముద్రం మీద ఒత్తిడి పెరిగితే పసిఫిక్ మీద తగ్గుతుందని, అక్కడ పెరిగితే ఇక్కడ తగ్గుతుందని పట్టుకున్నాడు. పసిఫిక్ వేడెక్కే ఎల్‌నినోకు, ఈ ఊగిసలాటకు ముడి వేసింది 1969లో బ్యెర్క్‌నెస్. 1877 ఎల్‌నినో చాలా పెద్దది, దానికి తోడు ఆ ఏడు హిందూ మహాసముద్రమూ అడ్డం తిరిగింది. పెరూ ఒడ్డున నీళ్ళు వేడెక్కితే దేవనహళ్ళిలో రాగి పంట ఎండిందన్నమాట. వాకర్ దగ్గర లెక్కలు వేసిన గుమాస్తాల పేర్లు ఎవరైనా రాస్తే బాగుండును.

ఆ కరువప్పుడు ఇక్కడికి దగ్గరలోని ముద్దేనహళ్ళి పిల్లవాడొకడికి పదిహేను, పదహారేళ్ళు. పెద్దలు ప్రకాశం వైపు మోక్షగుండం నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. ఆ విశ్వేశ్వరయ్యే 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదుకు వెళ్ళి, పైన రెండు చెరువులు కట్టి వరదను ఆపాలని చెప్పాడు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. పై చెరువులో నీళ్ళు ఆపితే కింది ఊరు బతుకుతుందని మా వైపు పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

నా పని గురించి చెప్పాలి. తాలూకా ఆఫీసు ఆవరణలో ఒక మూల కంచె, అందులో వానమాని. పైన గరాటు, లోపల సీసా, దానికో గాజు కొలగ్లాసు. చుట్టూ చెట్టు గానీ గోడ గానీ దాని ఎత్తుకు రెండింతల దూరంలో ఉండాలి. పొద్దున ఎనిమిదిన్నరకు సీసాలో నీళ్ళు గ్లాసులో పోసి, కంటికి సమంగా పట్టి, నీటి మట్టం వంపు అడుగు ఏ గీత దగ్గరుందో చదవాలి. ఆదివారం లేదు, పండగ లేదు. ఎనిమిదిన్నరకు చదివిన వాన ఆ రోజు తేదీన రాస్తాం, అది నిన్న సాయంత్రం పడినా సరే. దీని మీద రైతులతో రోజూ తగువే. “నిన్న కురిసింది కదా గుమాస్తా, ఇవాళ్టికి ఎందుకు రాశావు?” అని పంట నష్టం అర్జీ పట్టుకుని నిలబడేవాళ్ళు. ఇంకో చిక్కు, రెండున్నర మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో పడితేనే అది వర్షపు రోజు. 2.4 పడిన రోజు అంగట్లో ఆరబోసిన మిరపకాయలు తడిసిపోతాయి, రిజిస్టరులో మాత్రం అది వాన లేని రోజు. నీరుగంటి ముసలాయన ఆఫీసు గేటు దగ్గర ఆగి, “ఏం సామీ, నీ గ్లాసులో ఎంత పడింది?” అని అడిగి, నేను అంకె చెప్పగానే, “మా చెరువులో అంత రాలేదే” అని నవ్వేవాడు. నిజమే. నేల ఎండి ఉంటే మొదటి వానలు నేలే తాగేస్తుంది. చెరువుకు చేరేది ఆ తర్వాత పడిన వాన. నా గ్లాసు ఆకాశం సంగతి చెప్పేది, ఆయన కట్ట నేల సంగతి చెప్పేది.

నీరుగంటి పదవులు 1961 చట్టంతో పోయాయి. వంశపారంపర్యపు గ్రామ ఉద్యోగాలు రద్దు కావలసినవే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కట్ట పాదం చూసే పని ఎవరిదో ఆ కాగితంలో రాయలేదు. ఆ తర్వాత బోరుబావులు వచ్చాయి. చెరువు నిండకపోయినా ద్రాక్ష తోట నిలిచింది, చక్కోత తోట నిలిచింది, కొన్నాళ్ళు. ఇప్పుడు బోరు వెయ్యి అడుగులు దాటడం మామూలు. ఇక వాన కొలత. 1988లో కర్ణాటకలో కరువును గమనించడానికే ఒక విభాగం పెట్టారు. అదే ఇవాళ యలహంకలో ఉన్న రాష్ట్ర ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రం. పంచాయతీ పంచాయతీకీ తనంతట తాను కొలిచే వానమానులు, పావుగంటకోసారి అంకె పంపుతాయి. నా రిజిస్టరులో తాలూకాకు ఒక్క అంకె ఉండేది. పొరుగూరికి వాన పడి మనకు పడకపోవడం మా వైపు ప్రతి సాయంత్రం చూసే సంగతే కాబట్టి, ఇది నిజమైన మెరుగు.

2008 మేలో ఏర్‌పోర్టు తెరిచారు. అప్పటిదాకా మాకు పనికొచ్చిన ఒక వాతావరణం ఒక్కసారిగా ప్రమాదం అయిపోయింది. అదే పొగమంచు. మార్గశిరం, పుష్యం వచ్చిందంటే తెల్లవారుజామున చేలు కనబడవు. మంచు పడితేనే అనపకాయకు ఆ జిడ్డు, ఆ సొగడు వాసన. పితికిపప్పు పులుసు రుచి అంతా మంచులోనే ఉందని మా ఆడవాళ్ళు తేల్చి చెబుతారు. విమానానికి ఆ మంచే శత్రువు. మూడు దాటాక కమ్మి, పొద్దెక్కేదాకా వదలదు. విమానాలు చెన్నైకో హైదరాబాదుకో మళ్ళాలి.

ఎందుకు ఇక్కడే ఇంత? ఈశాన్యపు వానలు నేలను తడిపి వదులుతాయి. డిసెంబరు రాత్రి ఆకాశం తేటగా, గాలి నిలిచి ఉంటుంది. నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది, దాని మీది తడిగాలి చల్లబడి నీటి బిందువులు కడుతుంది. ఇంతవరకు బడి పాఠం. అసలు తమాషా ఆ తర్వాత ఉంది. నేలే చల్లబడుతోంది కనుక అన్నిటికన్నా చల్లటి గాలి నేలను అంటుకునే ఉండాలి కదా? 1932లో ఎల్‌.ఎ. రామదాస్, ఆత్మనాథన్ కొలిచి చూస్తే అలా లేదు. అతి చల్లటి పొర నేల మీద కాదు, నేల నుంచి జానెడో మూరెడో ఎత్తున ఉంది. పరదేశపు పండితులు చాలాకాలం నమ్మలేదు, కొలతలో పొరపాటన్నారు. అది నిజమేనని, ఎందుకో చెప్పే సిద్ధాంతాన్ని 1993లో బెంగళూరులో రొద్దం నరసింహ, వాసుదేవమూర్తి, శ్రీనివాసన్ ప్రకటించారు. గాలి తానుగా ఆకాశానికి వేడి వదులుతూ నేలకన్నా వేగంగా చల్లబడగలదు. గాలిలోని ధూళి కణాలకూ అందులో పాత్ర ఉందని తర్వాతి పరిశోధనలు చూపాయి. నరసింహ ఇంటిపేరు రొద్దం, హిందూపురానికి అవతల ఉన్న ఊరు. మా నంది కొండల దగ్గర పుట్టిన పెన్న ఆ రొద్దం మీదుగానే పోతుంది.

ఆయన పనిచేసిన జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రమే 2020లో ఏర్‌పోర్టుతో కలిసి ఈ పొగమంచు మీద పరిశోధన మొదలుపెట్టింది. రన్‌వే చుట్టూ నేల నుంచి పైకి ఒక్కో ఎత్తులో వేడి కొలిచే పరికరాలు నిలబెట్టారు. మంచు ఎప్పుడు కమ్ముతుంది, ఎప్పుడు విడుతుంది అన్నది కొన్ని గంటల ముందు చెప్పగలిగితే విమానం బయలుదేరే చోటే ఆపవచ్చు. రామదాస్ మూరెడు ఎత్తున పట్టుకున్న పొర ఇవాళ వేలమంది ప్రయాణికుల లెక్క అయింది. ఆ ఏడాది చివరికే దక్షిణపు రన్‌వేకు యాభై మీటర్ల చూపులో కూడా దిగగలిగే సదుపాయం వచ్చింది, దక్షిణాదిలో మొదటిది.

ఆ తర్వాతి ఏడాది ఏర్‌పోర్టుకు వాన సంగతి తెలిసింది. 2021 అక్టోబరు 11 సాయంత్రం పడిన వానకు టెర్మినల్ ముందు రోడ్డంతా నీళ్ళు, ప్రయాణికులు ట్రాక్టరెక్కి వెళ్ళారు. దేశమంతా ఆ వీడియోలు చూసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. హస్త, చిత్త కార్తెల సంధిలో గట్టు మీద ఆ మాత్రం వాన పడటం కొత్తేమీ కాదు. కొత్తది నేల మీద పరిచిన సిమెంటు. ఇంకిపోయే చోటు లేక వాన అంతా ఒక్క గంటలో కాలువ మీద పడుతుంది. నవంబరులో వానలు ఇంకా పెరిగాయి, మా వైపు ఏళ్ళ తరబడి ఎండిన చెరువులు మరవ పోయాయి. గంగమ్మకు మేకలు కోశారు. అదే నెల 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. డిసెంబరు 22 పొద్దున చిక్కబళ్ళాపురం దగ్గర రెండుసార్లు భూమి కదిలింది, 2.9, 3.0 తీవ్రత. అంత పాత రాయి కదలదని ధైర్యంగా ఉండేవాళ్ళం. పగుళ్ళలోకి దిగిన నీటి ఒత్తిడితో ఇలాంటి చిన్న కుదుపులు వస్తాయట. ఇల్లేమీ కూలలేదు, నాలుగు రోజులు జనం ఆరుబయట పడుకున్నారు.

ఇప్పుడు వాన లేకుండానే చెరువులకు నీళ్ళొస్తున్నాయి. బెంగళూరు మురుగును శుద్ధి చేసి, హెబ్బాళ-నాగవార లోయ పథకం కింద గొట్టాల్లో ఎత్తిపోస్తున్నారు. రోజుకు 21 కోట్ల లీటర్లు, మా జిల్లా, బెంగళూరు నగర జిల్లా, చిక్కబళ్ళాపురం జిల్లా కలిపి 65 చెరువులకు అన్నది లెక్క. భూమిలోకి ఇంకడానికే ఆ నీళ్ళు, నేరుగా పంటకు వాడకూడదు. రెండో దశ శుద్ధి చాలదు, మూడో దశ కావాలని రైతు సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. వాళ్ళడిగేది సబబే. నేనడిగేది ఇంకొకటి. ఏళ్ళ తరబడి ఎండి, పగుళ్ళు పట్టి, ఎలకలు బొరియలు చేసిన కట్టల వెనక ఇప్పుడు ఏడాది పొడుగునా నీళ్ళు నిలుస్తున్నాయి. వానమాని పావుగంటకోసారి అంకె పంపుతుంది, అది వాన అంకె. కట్ట పాదం దగ్గర ఊట తేటగా ఉందో బురదగా ఉందో రాసే గడి ఏ రిజిస్టరులో ఉందో, ఆ గడి నింపే పని ఎవరికి అప్పజెప్పారో ఒకసారి తాలూకా మీటింగులో అడిగాను. చిన్న నీటి వనరుల శాఖ అన్నారు ఒకరు, పంచాయతీ అన్నారు ఇంకొకరు.